మూడో షెడ్డులో పొయ్యి

పొయ్యి మీద ఎవరో సుద్దముక్కతో ఇంటూ మార్కు పెట్టారు.

తుప్పు గీకుతున్న కండక్టరమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొద్దున్నుంచీ మూడో షెడ్డులోనే ఉంది ఆవిడ. పెద్ద డ్రమ్ముని నిలువునా కోసి సగం ముక్క బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ రేకుల షెడ్డు. గోడా కప్పూ రెండూ ఒకటే. నడుం ఎత్తులో గీకడం మొదలుపెడితే కాసేపటికి తల వెనక్కి వాల్చి గీకాల్సొస్తుంది, గీకిందంతా కళ్ళలోకే వస్తుంది. అందుకని కళ్ళద్దాల మీద ఇంకో జత కళ్ళద్దాలు పెట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఉండుండి తుమ్ముతూ పని చేస్తోంది. ఆ చివర ఇటుక గోడ, దానికో కిటికీ, కిటికీ కింద మూలన ఆ పొయ్యి. నిన్నటిదాకా పాత టైర్ల గుట్ట వెనకాల ఉండిపోయింది. నిన్న టైర్లు లాగేశారు. ఇవాళ మార్కు పడింది.

రెండు గిన్నెలు పట్టే మట్టి పొయ్యి. రన్‌వే కాంక్రీటు ముక్కలు పేర్చి, పైన మట్టి మెత్తి కట్టింది. ఆ మట్టి మీద వేళ్ళు ఈడ్చిన చారలు ఇప్పటికీ ఉన్నాయి, ఎండి రాయైపోయి. అవి ఎవరి వేళ్ళో కండక్టరమ్మకి తెలుసు. "కిటికీ కింద కట్టానే. అన్నీ రన్‌వే ముక్కలే. మొయ్యలేక చచ్చాను, కడుపులో నువ్వు" అని వాళ్ళమ్మ చెప్పేది. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడే చెప్పేది. ఉంటే ఆ షెడ్డు మాట నోటి వెంట వచ్చేది కాదు.

ఇక్కడ పనిచేసేవాళ్ళకి ఒక పద్ధతుంది. పనిచేసేవాళ్ళంటే జీతగాళ్ళు కాదు లెండి, అందరూ రిటైరైనవాళ్ళు, వాలంటీర్లు. యుద్ధం రోజుల్లో బాంబులేసే విమానాలు ఎగిరిన ఈ పాత ఎయిర్‌ఫీల్డు ముళ్ళపొదలైపోతుంటే చూడలేక, సొంత గునపాలు తెచ్చుకుని మరీ బాగుచేస్తున్నారు. ఉంచాల్సిన దాని మీద సుద్దతో సున్నా చుడతారు. తీసేయాల్సిన దాని మీద ఇంటూ పెడతారు. మర్నాడు గునపాలవాళ్ళు వచ్చి ఇంటూ ఉన్నవన్నీ పీకేస్తారు. ఎవరికైనా అది తీసేయడం ఇష్టం లేకపోతే ఇంటూని చెరిపేయొచ్చు. చెరిపితే శనివారం మీటింగు దాకా దాన్నెవరూ ముట్టుకోకూడదు. పెట్టిందెవరు, చెరిపిందెవరు అని అడక్కూడదు. మీటింగులో వాళ్ళంతట వాళ్ళే లేచి చెప్పుకోవాలి. గొడవలు రాకుండా ఉండాలని పెట్టుకున్న పద్ధతి. ఇన్నాళ్ళూ రాలేదు కూడా.

కండక్టరమ్మ ఎడం చెయ్యి తొడుగు ఊడదీసింది. ఉత్త అరచేత్తో ఆ ఇంటూని బర్రున తుడిచేసింది. వేళ్ళ చారల మీద సుద్ద ఇరుక్కుపోతే, కొంగుతో మెల్లిగా, పిల్లాడి ముక్కు తుడిచినట్టు తుడిచింది.

"ముట్టుకోండి చూస్తాను" అంది, అక్కడ ఎవరూ లేకపోయినా.

మర్నాడు వచ్చి చూసేసరికి ఇంటూ మళ్ళీ ఉంది. ఈసారి ఇంకా పెద్దది.

కండక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెరిపినదాని మీద మళ్ళీ పెట్టడమనేది ఎప్పుడూ జరగలేదు. బకెట్లో గుడ్డ ముంచి, పిండి, పొయ్యి తుడిచి, ఆ తడిగుడ్డ చేత్తో అలాగే పట్టుకుని బయటికొచ్చింది. ఎవరు పెట్టుంటారో ఆవిడ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని లేదనుకుంది. ఇంకెవరు, కమాండరు.

కమాండరు ఏ సైన్యంలోనూ పనిచేసినవాడు కాదు. బీమా ఆఫీసులో రిటైరయ్యాడు. టోపీ పెట్టుకుని చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడని తోటి వాలంటీరు వెల్డరు ఆ పేరు పెడితే, ఆయనకీ నచ్చి ఉంచేసుకున్నాడు. వాలంటీర్ల సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. ఆదివారం ప్రారంభోత్సవం, పెద్దాఫీసరు గారు వస్తున్నారు. అందుకని ఆ పొద్దున ఆయన విమానాల పెద్ద షెడ్డు ముందు స్టూలేసుకుని, మూడో షెడ్డుకి తగిలించాల్సిన బోర్డు రాస్తున్నాడు. సన్న కుంచె, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరమూ ముగ్గేసినంత శ్రద్ధగా.

కండక్టరమ్మ వెనక నిలబడి చదివింది. సైనికులు పడుకున్న షెడ్డు, ఇన్ని మంచాలు, ఇంత రేకు. కింద ఆఖరి లైను: యుద్ధానంతరం ఈ షెడ్లు నిరుపయోగంగా పడి ఉన్నాయి.

"నిరుపయోగమేంటి కమాండర్ గారూ?"

"వాడకుండా అని అమ్మా."

"అర్థం నాకూ తెలుసు. బస్సులో టికెట్లు కొట్టినదాన్నే గానీ చదువు రానిదాన్ని కాదు. వాడకుండా ఉన్నాయని మీకెవరు చెప్పారు?"

కమాండరు కుంచె ఎత్తి పట్టుకున్నాడు, చుక్క పడకుండా. "సైన్యం ఖాళీ చేశాక ఇంకేం వాడకం. ఎవరో కొంత జనం వచ్చి ఆక్రమించుకుని ఉన్నార్లెండి కొన్నేళ్ళు. పోలీసులొచ్చి పంపించేశారు. అదంతా మనకెందుకు? మొదట్నుంచీ మన రూలు ఒకటే. యుద్ధం మొదలైన రోజు నుంచి ఆఖరి రోజు దాకా. మనది ఎయిర్‌ఫీల్డు చరిత్రమ్మా. కాపురాల చరిత్ర కాదు."

"ఆక్రమించుకున్నారా?" కండక్టరమ్మ చేతిలో గుడ్డలోంచి నీళ్ళు ఆయన బూట్ల మీద కారుతున్నాయి. "ఎవరిది ఎవరు ఆక్రమించారు సారూ? ఈ రన్‌వే ఎక్కడేశారు, ఆకాశంలో వేశారా? ఊరు లేపేసి వేశారు. పొలాలు దున్నుకునేవాళ్ళని పొండన్నారు. యుద్ధం అయిపోగానే తిరిగిచ్చేస్తామన్నారు. ఇచ్చారా? పోవడానికి చోటు లేక వాళ్ళ నేల మీదకే వాళ్ళు వచ్చి ఈ రేకుల్లో పడుకుంటే, ఆక్రమణా?"

"అబ్బబ్బ, నేను కాదన్నానా. ఆ బోర్డు విడిగా ఎప్పుడైనా పెట్టుకుందాం. అసలు మీకింత కోపం ఎందుకమ్మా?"

ఆ షెడ్డు సంగతి నోటిదాకా వచ్చింది. పెద్ద షెడ్డు లోపల, చిత్తడి నేలలోంచి తవ్వి తీసిన విమానం ఇంజను దగ్గర, తనూ వాలంటీరే అయిన ఆవిడ అన్నయ్య కూర్చుని ఆకురాయితో తుప్పు రుద్దుతున్నాడు. కర్ర్ కర్ర్ మని పొద్దున్నుంచీ అదే చప్పుడు. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగింది.

కండక్టరమ్మ అటు చూసింది. అన్నయ్య తల ఎత్తలేదు. ఆకురాయి చేతిలోనే ఉంది, చెయ్యి కదలడం లేదు.

"శనివారం చెప్తాను ఎందుకో" అంది కమాండరుతో. "మీరు కూడా దొంగచాటు పనులు మానేసి మొహం మీద చెప్పండి, మర్యాదగా ఉంటుంది."

"దొంగచాటేంటి?" అన్నాడు కమాండరు. కానీ ఫోను మోగింది, షామియానావాడు. ఆయన ఫోనుతో అటు నడిచాడు. కండక్టరమ్మ ఉమ్మలేదు గానీ, ఉమ్మినంత పని చేసింది.

శుక్రవారం బస్సు దారిలో ఆగిపోయింది. ఆవిడ కండక్టరుగా చేసిన రోజుల్లో అయితే ఈ డ్రైవరుని దింపి తనే తోలేదేమో. ఎండలో పడి ఒగర్చుకుంటూ గేటు దాటేసరికి, మూడో షెడ్డులోంచి వెల్డరు పాట వినబడింది. వెల్డరు బరువైన పని చేసేటప్పుడే పాడతాడు.

పరిగెత్తింది. ఆ వయసులో ఆ ఒంటితో పరిగెత్తడం అంటే మాటలు కాదు.

వెల్డరు గునపం ఎత్తి ఉన్నాడు. పొయ్యి మీద ఇంటూ. మూడోసారి.

"ఆగరా!"

"ఏందక్కా, గుండె జారిపోయింది. మార్కుంది కదా, కొడుతున్నా."

కండక్టరమ్మ వెళ్ళి పొయ్యికి అడ్డంగా కాలు చాపి నిలబడింది. "కొట్టు. ముందు దీని మీద కొట్టు."

"నీ కాలి మీద కొడితే గునపం వంగిపోద్ది. సంఘం గునపం, నన్ను కొనివ్వమంటారు."

మామూలు రోజైతే నవ్వేదే. ఇవాళ మొహం చూసి వెల్డరు గునపం గోడకి ఆనించేశాడు. కండక్టరమ్మ కింద కూలబడి కొంగుతో ఇంటూ చెరుపుతోంది.

"ఎవడ్రా వీడు? చెప్పు, నువ్వు చూసే ఉంటావు. తాళాలు నీ దగ్గరే ఉంటాయిగా. ఆ టోపీవాడేగా?"

వెల్డరు చెవి గోక్కున్నాడు. "అడక్కూడదు కదక్కా. రూలు."

"రూలు తగలెయ్య."

"తగలెడితే నాకేం అభ్యంతరం లేదు. రేపు మీటింగులో తగలెట్టు." అని, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "అక్కా, ఈ పొయ్యి కోసం అంత గొడవ అవసరమా? నిజంగానే అడుగుతున్నా."

"మా అమ్మదిరా" అంది కండక్టరమ్మ.

బయటి మనిషితో ఆ ముక్క అనడం జీవితంలో అదే మొదలు. వెల్డరు టీ తెస్తానని వెళ్ళి, నిజంగానే తెచ్చాడు.

సాయంత్రం అక్కణ్ణుంచి తిన్నగా అన్నయ్య ఇంటికి పోయింది. వదిన బట్టలు మడతపెడుతోంది. అన్నయ్య పెరట్లో పంపు దగ్గర చేతులు కడుగుతున్నాడు. బతుకంతా లేతు మిషను మీద టర్నరు పని చేసిన చేతులు, గోళ్ళ చుట్టూ నలుపు ఏ సబ్బుకీ పోదు. అయినా రుద్దుతూనే ఉన్నాడు.

"మూడు రోజుల నుంచీ సరిగ్గా తినట్లేదమ్మా మీ అన్నయ్య" అంది వదిన. "అడిగితే కడుపులో బాలేదంటారు. మీ ఇంజను ఏమైనా విరిగిందా ఏంటి?"

"విరగలేదు వదినా. విరగ్గొడదామని చూస్తున్నారు, వేరే దాన్ని."

అన్నయ్య తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"రేపు మీటింగులో చెప్పేస్తాను అన్నయ్యా. మనం అక్కడ ఉన్నామని, నేను అందులోనే పుట్టానని. నువ్వు మాట్లాడక్కర్లేదు. నేను చెప్పినప్పుడు పక్కన కూర్చుని ఊ అను చాలు."

"ఎందుకే ఆ గొడవ."

"ఎందుకా? మూడుసార్లు పెట్టాడు మార్కు! ఇవాళ నేను అర నిమిషం ఆలస్యం అయితే ముక్కలైపోయేది. అమ్మ చేత్తో మెత్తిన మట్టి. వేళ్ళున్నాయి దాని మీద, నువ్వు చూశావా అసలు? వచ్చి ఒక్కసారైనా చూశావా?"

"చూశాను."

"మరి?"

"పొయ్యే కదా" అన్నాడు అన్నయ్య.

వదిన మడతపెట్టడం ఆపింది. కండక్టరమ్మ లేచి నిలబడింది. "బాగుంది. ఆ టోపీవాడు అన్నాడంటే పరాయివాడు. ఆ ఇంజను ఎవడిదో, ఎక్కడ పుట్టిందో, ఎవర్ని చంపడానికి ఎగిరిందో! దాని పళ్ళ సందులు పుల్లతో గుచ్చి గుచ్చి శుభ్రం చేస్తావు. అమ్మ పొయ్యి మాత్రం పొయ్యే కదా నీకు!"

"తిని వెళ్ళమ్మా" అంది వదిన.

"నాకూ కడుపులో బాలేదు" అని చెప్పులేసుకుంది కండక్టరమ్మ.

మీటింగు ఎప్పుడూ కంట్రోలు టవరు కింద గదిలో పెట్టుకుంటారు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఒకే ఒక్క గడియారం, అదీ యుద్ధం నాటిదే, నడవదు. కమాండరు ఆదివారం ఏర్పాట్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతున్నాడు. ఆఫీసరు గారు ఎటు వస్తారు, పూలగుత్తి ఎవరిస్తారు, చెప్పులు ఎక్కడ వదలాలి. కండక్టరమ్మ వినడం లేదు. కుర్చీ అంచున కూర్చుని మోకాళ్ళు ఊపుతోంది. అన్నయ్య వెనక వరసలో, కిటికీ పక్కన.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు కమాండరు.

కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచింది ఆవిడ.

"ఉన్నాయి. మూడో షెడ్డులో పొయ్యి మీద మార్కు చెరిపింది నేను. బుధవారం, నిన్న, మొన్న, అన్నిసార్లూ నేనే. ఎందుకు చెరిపానంటే అది మా అమ్మ కట్టింది. నేను ఆ షెడ్డులో పుట్టాను. అదుగో, ఆ బోర్డు మీద నిరుపయోగం అని రాశారే, ఆ నిరుపయోగంలో పుట్టాను. అక్కడ మా అమ్మా నాన్నా ఉన్నారు, పక్క షెడ్లలో ఇంకా బోలెడుమంది ఉన్నారు. ఆక్రమించుకోలేదు, మా నేల మాకు ఇవ్వకపోతే వచ్చి ఉన్నాం. ఇప్పుడు చెప్పండి, అది ఉంచుతారా కొడతారా. కొట్టేవాళ్ళు ఎదురుగా వచ్చి కొట్టండి. చెరిపినదాని మీద మళ్ళీ మళ్ళీ దొంగలా మార్కు పెట్టడం కాదు, కమాండర్ గారూ!"

కమాండరు టోపీ తీశాడు. నెత్తి మీద చెమట.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "మీరు అక్కడ... నాకు తెలీదు. తెలిస్తే ఆ మాటలు అనేవాణ్ణి కాదు. కానీ మార్కు నేను పెట్టింది ఒక్కసారే. బుధవారం పొద్దున. చెరిపారని చూశాను, ఊరుకున్నాను. ఆ తర్వాత నేను ఆ షెడ్డు గుమ్మం కూడా తొక్కలేదు."

"అబద్ధం!"

"అబద్ధం ఆడే మనిషినే అయితే బీమా ఆఫీసులో ఇంకా పైకొచ్చేవాణ్ణి" అన్నాడు కమాండరు. జోకు కాదది. ఎవరూ నవ్వలేదు.

కండక్టరమ్మ వెల్డరు వైపు తిరిగింది. వెల్డరు నేల చూపులు చూస్తున్నాడు. నేల మీంచి కళ్ళు ఎత్తకుండానే, మెల్లిగా, వెనక వరస వైపు మొహం తిప్పాడు.

"నేనే పెట్టాను" అన్నాడు అన్నయ్య.

లేచి నిలబడ్డాడు కూడా. స్కూల్లో తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా చేతులు పక్కకి పెట్టుకుని. "రెండుసార్లూ నేనే. కమాండర్ గారిని అనకు" అని, కుర్చీల మధ్యనుంచి ఎవరికీ తగలకుండా ఒద్దికగా నడుచుకుంటూ బయటికి పోయాడు.

కమాండరు టోపీ మళ్ళీ పెట్టుకుని, "ఉంచుదాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. కండక్టరమ్మ గెలిచింది. గెలిచినట్టు అనిపించలేదు. ఎవరో చెంప మీద కొట్టి చేతిలో బహుమతి కప్పు పెట్టినట్టుంది.

అన్నయ్య మూడో షెడ్డులోనే ఉన్నాడు. తిరగేసిన బకెట్ మీద కూర్చుని, పొయ్యి వైపు వీపు పెట్టి.

"సిగ్గులేదూ నీకు?" అంది గుమ్మంలోంచే. "పరాయివాణ్ణి పట్టుకుని అన్ని మాటలన్నాను. నిన్న ఇంటికొచ్చి బతిమాలుకుంటుంటే ఫ్యాను చూస్తూ కూర్చున్నావు. ఏం చేసింది అమ్మ నీకు?"

"అరవకు. రేకులు, బయటికి వినబడుతుంది."

"వినబడనీ!"

"ఎప్పుడూ అంతే" అన్నాడు. "ఇందులో ఏం మాట్లాడినా వినబడేది. నీకు తెలీదులే. చంకలో పిల్లవి."

"తెలీదు. అదే కదా నా ఏడుపు! నాకేం గుర్తులేదు. అమ్మ వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఫోటో కూడా లేదు. నాకున్నది ఇదొక్కటి. ఆ నాలుగు వేళ్ళు."

"నాకు గుర్తుంది. అది నా ఏడుపు."

అన్నయ్య పిడికిలి మూశాడు, తెరిచాడు.

"ఖాళీ చేయించే ముందు ఆఫీసర్లు వచ్చారు. వాళ్ళ వెంట పేపర్లవాళ్ళు, మంచి బట్టలేసుకున్న ఆడవాళ్ళు, ముక్కులకి చేతిగుడ్డలు పెట్టుకుని. వీళ్ళు ఎలా ఉంటున్నారో చూడండి అని ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. పొయ్యి మీద గిన్నె ఉంది. ఒకడు కర్ర కొసతో మూత ఎత్తాడు. అమ్మ పక్కనే ఉంది, అడగలేదు, కర్రతో ఎత్తాడు. లోపల కూరగాయల తొక్కలు ఉడుకుతున్నాయి. పందులకా, అన్నాడు. అమ్మ నవ్వుతూ, అవునండీ పందులకే, అంది."

ఆగాడు.

"మనకి పందులు లేవే."

బయట ఎవరో షామియానా గుంజ పాతుతున్నారు. దబ్ దబ్ మని ఆ దెబ్బలకి రేకులు సన్నగా అదిరాయి.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది కండక్టరమ్మ.

"ఏమని చెప్పను? ఆ పూట అవే తిన్నాం అని చెప్పనా? స్కూల్లో షెడ్డోడా అంటే కొట్టాను, కొట్టించుకున్నాను. చాలా ఏళ్ళు ఈ రోడ్డు వైపే రాలేదు. ఇంజను దొరికిందన్నప్పుడు వచ్చాను. ఇంజను మంచి ఇంజను. దాన్ని బాగుచేస్తే టర్నర్ గారూ అన్నారు. ఈ నేల మీద నన్ను గారూ అన్నారే!"

"అయితే ఆ మూత ఎత్తినవాడి మీద పెట్టుకో కోపం. పొయ్యి ఏం చేసింది?"

"వాడు ఈపాటికి చచ్చుంటాడు. పొయ్యి ఉంది."

ఆవిడ కోపం మాత్రం పోలేదు. ఎవరి మీద పెట్టాలో తెలియక ఒంట్లోనే తిరుగుతోంది.

"గెలిచావుగా" అన్నాడు అన్నయ్య లేస్తూ. "ఉంచుకో. రేపు వాళ్ళందరికీ చూపించుకో. నేను మాత్రం లోపలికి రాను."

ఆదివారం జనం బాగానే వచ్చారు. కమాండరు పొద్దున్నే వచ్చి బోర్డు మీద ఆఖరి లైను చెరిపేసి, యుద్ధానంతరం కొన్ని కుటుంబాలు ఇక్కడ నివసించాయి అని మార్చాడు. పెయింటు ఇంకా తడిగానే ఉంది. అలా మార్చినందుకు కండక్టరమ్మ ఆయనకి దండం పెట్టాలనుకుంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మూడో షెడ్డు గుమ్మంలో నిలబడింది. అన్నయ్య ఎదురుగా రన్‌వే అంచున, ఎండలో, కోటు వేసుకుని ఒక్కడే నిలబడ్డాడు. నీడలోకి రమ్మని సైగ చేసింది. రాలేదు.

ఆఫీసరు గారు మంచావిడే. నవ్వుతూ వచ్చింది. ఆవిడ వెనక పాతికమంది, వాళ్ళ వెనక ఇంకొంతమంది, అందరి చేతుల్లో ఫోన్లు. షెడ్డు నిండిపోయింది.

కండక్టరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. సైనికుల మంచాలు ఎక్కడ ఉండేవో చెప్పింది. తర్వాత వచ్చిన కుటుంబాల గురించి చెబుతూ పొయ్యి దగ్గరికి వచ్చేసరికి, వెనక ఎవరో, "అయ్యయ్యో, ఎలా బతికేవారో చూడండి" అన్నారు. జాలిగానే అన్నారు. ఇంకొకడు కప్పు ఫోటో తీయడానికి ఎత్తు చాలక బూటుకాలు పొయ్యి మీద పెట్టాడు. మట్టి పెళ్ళ ఒకటి రాలింది.

"కాలు తియ్యి బాబూ."

"సారీ ఆంటీ. ఏం వండుకునేవాళ్ళు దీని మీద, ఎలుకలా?"

కొంతమంది నవ్వారు. కమాండరుకి ఇబ్బందిగా అనిపించి, విషయం మార్చాలని, మంచే చేద్దామనుకుని, "మేడం, ఈవిడ ఈ షెడ్డులోనే పుట్టారండీ!" అన్నాడు గొప్పగా.

ఫోన్లన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

"అవునా! అమ్మా, ఆ పొయ్యి పక్కన కూర్చోండి."

"కూర్చుని ఊదుతున్నట్టు పెట్టండి మొహం. మంట రావట్లేదన్నట్టు. బాగా వస్తుంది ఫోటో."

"కాస్త కిందికి వంగండమ్మా, ఇంకొంచెం."

కండక్టరమ్మ వంగింది. నిజంగానే వంగింది, మొహమాటానికి. మోకాలు నేలకి ఆనబోతుంటే తన మొహం మీద ఏదో ఉందని తెలిసింది. అది నవ్వు. తను నవ్వుతోంది.

లేచింది.

"దిగండి" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"దిగండి! అందరూ! పదండి బయటికి, తోసుకోకుండా. ఏయ్ ఫోను, ముందు నువ్వు దిగు."

ఇన్నేళ్ళూ కిక్కిరిసిన బస్సుల్ని ఖాళీ చేయించిన గొంతు అది. జనం ఎందుకని అడగడం మర్చిపోయి నడిచారు. ఆఫీసరు గారు కూడా హ్యాండుబ్యాగు గుండెలకి హత్తుకుని గుమ్మం దాటింది. ఆఖరి మనిషి బయటపడగానే కండక్టరమ్మ తనూ వచ్చి, రేకు తలుపు దడాలున లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, ఏంటిది!" కమాండరు పరిగెత్తుకొచ్చాడు. "మేడం ఉన్నారు. ఎగ్జిబిషను మధ్యలో మూసేస్తే ఎట్లా? ఏమైందని? టర్నర్ గారూ, మీరైనా చెప్పండి మీ చెల్లెలికి!"

అన్నయ్య అప్పటికే నడిచి వస్తున్నాడు. జనం దారిచ్చారు. కోటు కింద చెమటకి చొక్కా అంటుకుపోయింది. కండక్టరమ్మ ఆయన మొహం చూసి, ఇంకేముంది, నే ముందే చెప్పానా అంటాడు, అనుకుంది. అంటే పడదామనే నిలబడింది.

అన్నయ్య ఆవిడ పక్కకి వచ్చి జనం వైపు తిరిగాడు.

"అది ఎగ్జిబిషను కాదండీ" అన్నాడు కమాండరుతో. గట్టిగానే అన్నాడు. ఆఫీసరు గారికీ, వెనకున్న ఫోన్లకీ వినబడేలా. "అది మా ఇల్లు. మా అమ్మ ఇల్లు. రావాలంటే రండి, కాదనం. తలుపు కొట్టండి. లోపలివాళ్ళు రమ్మంటే రండి."

చెల్లెల్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. తలుపు వేశాడు.

లోపల ఒక్కసారిగా చీకటైంది, కిటికీ వెలుగు తప్ప. అన్నయ్య పొయ్యి దాకా వెళ్ళాడు. రాలిన మట్టి పెళ్ళ తీసి, అటూ ఇటూ తిప్పి, ఊడిన చోటే పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. అది నిలవలేదు. మళ్ళీ అదిమాడు. బయట గుసగుసలు, కమాండరు సర్దిచెప్పుకోవడం, ఎవరివో అడుగులు దూరంగా పోవడం, అన్నీ రేకుల్లోంచి వినబడుతున్నాయి. అందరూ వెళ్ళిపోయినట్టే అనిపించింది కాసేపు.

అప్పుడు తలుపు చప్పుడైంది. ఎవరో వేలి కణుపులతో, మెల్లిగా, రెండుసార్లు కొట్టారు.

అన్నయ్య వేలు మట్టి మీద నుంచి తియ్యలేదు. "ఎవరూ?" అన్నాడు, తల తిప్పి.

"నేనండీ" అంది ఆఫీసరు గారి గొంతు. "లోపలికి రావచ్చా?"

అన్నయ్య కండక్టరమ్మ వైపు చూశాడు.

"ఉండమను" అంది కండక్టరమ్మ, మొహం తుడుచుకుంటూ. "కాసేపు నిలబడనీ."